చూపుకూలి

డాక్టర్ త్రివిక్రమరావు కనిపెట్టిన కళ్ళజోడు పెట్టుకుని ఎవరైనా ఉత్తరం చదివితే, మనసు పెట్టి చదివారో, కళ్ళు మాత్రం పరిగెత్తించి వదిలేశారో నూటికి ఇంత అని అది లెక్క కట్టి చెబుతుంది. దేశమంతా మెచ్చుకుంది. కనిపెట్టిన పెద్దమనిషి మనసు మాత్రం ఏ పూట ఎక్కడుంటుందో ఆయనకే తెలియదు. దీపం కింద చీకటి అన్న మాట ఆయన్ని చూసే పుట్టిందేమోనని తెలిసినవాళ్ళు నవ్వుకునేవారు.

గురువారం మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోను చూసుకుంటున్నాడు. వదిన వర్ధనమ్మ నెయ్యి వడ్డించింది. తరవాత తన ముక్కు మీది కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, ఆయన కంచం పక్కన పెట్టింది.

"ఇదుగో నీ జోడు. నేనింక చదవను," అంది.

ఆయన తలెత్తాడు. రెండేళ్ళలో ఆవిడ అలాంటి మాట అనడం అదే మొదలు.

"ఏం వదినా? కళ్ళు నొప్పిగా ఉన్నాయా?"

"కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. సిగ్గేస్తోంది, అంతే. పొద్దున్న ఒక ఉత్తరం వచ్చింది. చిన్నదే. ఇది మాత్రం నువ్వే చదువుకో."

ఆ ఉత్తరంలో ఏముందో చెప్పాలంటే, ముందు ఆ జోడు వర్ధనమ్మ ముక్కు మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి. అది గొప్పగా చెప్పుకోవలసిన కథేమీ కాదు.

ఎనిమిదేళ్ళ కిందట త్రివిక్రమరావు విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో చిన్న ప్రయోగశాల నడిపేవాడు. రోజుకి నాలుగు వందల ఈమెయిళ్ళు వచ్చేవి. అందులో మూడు వందల తొంభై చెత్త. మిగిలిన పదీ ఆ చెత్తలో పడి కొట్టుకుపోయేవి. ఒకసారి ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఫెలోషిప్ కాగితం అలాగే పోయింది. ఆ పిల్ల ఆయన గదిలో నిలబడి ఏడ్చింది. అప్పుడు ఆయనకో ఊహ తట్టింది. కార్డు ముక్కకి డబ్బులు పెట్టాలి గనక ఎవడూ ఊరికే నాలుగు వందల కార్డులు రాయడు. మెయిలుకి కూడా ఖరీదు పెట్టాలి. ఆ ఖరీదు తపాలా వాళ్ళకి కాక చదివే మనిషికి ముట్టాలి, అదీ మనసు పెట్టి చదివితేనే. పెట్టకపోతే పంపినవాళ్ళ డబ్బు పంపినవాళ్ళకి వెనక్కి. కాగితాల మీద దానికి ఏదో పెద్ద సంస్కృతం పేరుంది గాని, జనం చూపుకూలి అన్నారు, అదే నిలిచింది.

మనసు పెట్టారో లేదో తెలిసేదెలా? కంటిపాప ఎంత విచ్చుకుందో, రెప్ప ఎప్పుడు పడిందో, కణత దగ్గర నాడి ఎలా కొట్టుకుందో కనిపెట్టే కళ్ళజోడు కావాలి. దానికి 'అవధాని' అని పేరు పెట్టుకున్నారు. కంటిపాప నీడ ఫ్రేములోని యంత్రం మీద పడాలంటే అద్దం అంచు వెంట్రుకవాసి లోపలికి ఒంగాలి. మూడు పెద్ద ఫ్యాక్టరీలు ప్రయత్నించి చేతులెత్తేశాయి. ప్రయోగశాల వెనక రేకుల షెడ్డులో గాజుపని చేసే కూర్మయ్య మాత్రం ఆ అద్దాన్ని సానచక్రం మీద పెట్టి, మధ్యమధ్య బొటనవేలితో అంచు తడిమి చూసుకుంటూ, పదకొండో రోజుకి తెచ్చి ఇచ్చాడు.

"సూడండి సార్, ఇప్పుడు ఒంగిందేమో," అన్నాడు.

ఒంగింది. ఆ రోజు త్రివిక్రమరావు అతన్ని కౌగలించుకున్నాడు. పేటెంటు కాగితాల మీద మాత్రం ముగ్గురు డాక్టర్ల పేర్లే పడ్డాయి. కూర్మయ్య పేరు కావాలని వదిలేశారని అనడానికి లేదు. రాయాలని ఎవరికీ తోచలేదు.

జోడు తయారయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. నిండు శ్రద్ధ అంటే ఎంత? తూకపురాయి లేని తక్కెడ దేన్ని తూస్తుంది? విద్యార్థులు జోడు పెట్టుకుని పేజీ చదువుతుంటే తెర మీద గీత లేస్తూ పడుతూ ఉండేది. అందరూ తలలు పట్టుకుని ఉన్న సమయానికి వర్ధనమ్మ క్యారియరు తీసుకుని వచ్చింది.

వర్ధనమ్మ ఆయన అన్నగారి భార్య. రాజమండ్రిలో ఒక ప్రెస్సులో ఇరవై ఏడేళ్ళు పంచాంగాల ప్రూఫులు దిద్దింది. తిథి దగ్గర ఒక్క అంకె తప్పుపడితే ఎవరింట్లోనో పెళ్ళి ముహూర్తం తప్పిపోతుందని ప్రతి అంకెనీ వేలు పెట్టి చదివేది. అన్నయ్య పోయాడు, ప్రెస్సు మూతపడింది, ఆవిడ మరిది దగ్గరికి వచ్చేసింది. పెళ్ళి చేసుకోవడం మర్చిపోయిన ఆ మరిది ఇంట్లో వంటగది అనేది ఒకటి ఉందని ఆవిడ వచ్చాకే చుట్టుపక్కలవాళ్ళకి తెలిసింది.

"కాస్త ఈ పేజీ చదువు వదినా, ఊరికే," అని ఆయన జోడు ఆవిడకి పెట్టాడు.

ఆవిడ వేలు పెట్టి చదివింది. తెర మీద గీత పైకి లేచి, పేజీ చివరిదాకా అక్కడే నిలబడింది. విద్యార్థులు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ జోడు తీసి, "ఇందులో మూడు అచ్చుతప్పులున్నాయి. ఇలాంటి పేజీ పెట్టి పరీక్షలేవిటి?" అని క్యారియరు విప్పింది.

ఆ గీతనే నూరుగా పెట్టుకున్నారు. అప్పటినుంచి దేశంలో ఎవరి శ్రద్ధనైనా కొలిచేది వర్ధనమ్మ శ్రద్ధతోనే. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. త్రివిక్రమరావు తన సంగతీ కొలుచుకున్నాడు. ఎన్నిసార్లు చదివినా నూటికి నలభై ఒకటి దాటలేదు.

తరవాత కంపెనీ వచ్చింది. దాని వ్యవహారాలు చూసే నిరంజన్ అనే యువకుడు హైదరాబాదు నుంచి వచ్చి, షెడ్డు మూసేసి, అద్దాల పని బయట ఫ్యాక్టరీకి అప్పగించాడు. కూర్మయ్య తన సానచక్రం కొనుక్కుని సొంతూరు బొబ్బిలి వెళ్ళిపోయాడు. నిరంజన్‌కి ఒక ఆలోచన వచ్చింది. "మీకు వచ్చే ఉత్తరాలు మీరే చదివి, ఆ రసీదులు అందరికీ కనిపించేలా పెడదాం సార్. కనిపెట్టినాయనే ఇంత మనసు పెట్టి చదువుతుంటే జనం నమ్మరా?"

త్రివిక్రమరావు వారం రోజులు తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఎనిమిదో రోజు జోడు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. అమ్మకానికి వెళ్ళే జోళ్ళు యజమాని కన్ను తప్ప మరో కంటికి పలకవు. ఆయనది షెడ్డులో పుట్టిన మొదటి జోడు. దానికి ఆ కట్టుబాటు లేదు.

"ఈ ఒక్క రోజుకి వదినా," అన్నాడు. ఆ ఒక్క రోజు రెండేళ్ళయింది.

వర్ధనమ్మ పొద్దున్నే వంట ముగించి, పెరటి వరండాలో కూర్చుని చదివేది. ఎవరెవరో రాసేవారు. పరీక్ష తప్పినవాళ్ళు, కొత్త యంత్రం చేసుకున్నవాళ్ళు, ఊరికే మాట్లాడాలనిపించినవాళ్ళు. ప్రతివాళ్ళకీ రసీదు వెళ్ళేది: 'డాక్టర్ త్రివిక్రమరావు గారు చదివారు. శ్రద్ధ నూటికి తొంభై ఆరు.' మా నాన్న కూడా నా మాట ఇంత శ్రద్ధగా వినలేదని ఒకాయన మళ్ళీ రాశాడు. ఆ మాటలు కంపెనీ గోడ మీద పెద్దక్షరాలతో వేయించారు. చూపుకూలి ప్రయోగశాల ఖాతాలో పడేది. ఆవిడకి కాలక్షేపంగా ఉంటుంది కదా అని త్రివిక్రమరావు తనకి తాను చెప్పుకునేవాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత మధ్యమధ్య గుర్తొచ్చేది గాని, సభలకి పిలుపులు వచ్చేసరికి మర్చిపోయేవాడు.

జవాబు రాయవలసిన వాటి పేర్లు ఆవిడ ఎర్ర పెన్సిలుతో చీటీ మీద రాసి ఆయన బల్ల మీద పెట్టేది. గడిచిన నెలలో కూర్మయ్య పేరు మూడు చీటీల మీద వచ్చింది. మూడోసారి పేరు కింద రెండు గీతలు కూడా గీసింది. "రాస్తాలే వదినా," అని మూడుసార్లూ అన్నాడు.

ఇప్పుడు కంచం ముందు కూర్చుని ఆయన చదివిన ఉత్తరం ఇది.

'అయ్యా, నేను కూర్మయ్య భార్య పైడమ్మను. పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తున్నాను. ఇక్కడ ఐటీఐలో అద్దాల పని నేర్పే ఉద్యోగం పడింది. మీ జోడుకి మొదటి అద్దం చేసింది ఈయనేనని మీరు ఒక్క ముక్క రాసిస్తే వస్తుందన్నారు. ఈయన మీకు రాశాడు. మొహమాటస్తుడు. నా పని మంచిదనిపిస్తేనే రాయండి సార్, మీరు మొహమాటపడొద్దు, జవాబు రాకపోతే నేనే అర్థం చేసుకుంటాను అని కూడా రాశాడంట. మీరు తొంభై ఏడు పాళ్ళు మనసు పెట్టి చదివినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు. ఈయన అర్థం చేసుకున్నాడు. ఇరవై రోజులై చక్రం ముట్టుకోలేదు. శనివారం అమ్మేస్తాడంట. ఉద్యోగానికి శుక్రవారం సాయంత్రం అయిదుతో గడువు. ఇప్పుడు మీరు కాగితం పంపినా తీసుకోడు, నేను ఏడిస్తే జాలిపడి ఇచ్చారంటాడు. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఉత్తరం నేను చదవలేదు అని రాయండి. అబద్ధమని నాకు తెలుసు. పెద్దవారు ఒక్క అబద్ధం ఆడండి. దాని పాపం నేను పడతాను.'

త్రివిక్రమరావుకి చెవులు వేడెక్కాయి. వెనకటి రోజుల్లో ఉత్తరానికి జవాబు రాకపోతే, అందలేదేమో, చూడలేదేమో, తీరిక లేదేమో అని మనిషి తనకి తాను సర్దిచెప్పుకునేవాడు. ఆ చిన్న ఊరట లోకంలో లేకుండా చేసింది తనే. పైడమ్మ దాన్ని తిరిగి అడుగుతోంది, అబద్ధమనుకుని.

"రాసెయ్యి మరి. నిజమేగా?" అంది వర్ధనమ్మ.

"అంత తేలిక కాదు వదినా. తొంభై ఏడని రసీదు ఉంది. చదవలేదని నేనే రాస్తే ఆ రసీదు అబద్ధం. అదొక్కటే కాదు, రెండేళ్ళ రసీదులన్నీ అబద్ధం. సోమవారం ప్రభుత్వంతో ఒప్పందం. జనం ఇచ్చే అర్జీలన్నీ ఆఫీసర్లు ఈ జోడు పెట్టుకునే చదవాలని..."

"అర్జీలా?" అంది ఆవిడ. మజ్జిగ పోసి, "నువ్వు వెళ్ళి ముఖాముఖీ చెప్పు. రాసింది చాలు, చదివింది చాలు," అంది.

శుక్రవారం పొద్దున్న ఆయన రైలెక్కాడు. సంచిలో వర్ధనమ్మ చక్కగా రాసిపెట్టిన ధ్రువపత్రం, జేబులో జోడు ఉన్నాయి. దారిలో ఇప్పటికైనా కూర్మయ్య ఉత్తరం చదువుదామని ఫోను తీశాడు. మొదటి వాక్యం చదివేసరికి నిరంజన్ ఫోను చేశాడు.

"సార్, సోమవారం సెక్రటరీగారి ముందు మీ రసీదులే తెర మీద వేస్తున్నాం. రెండేళ్ళలో ఒక్కటి కూడా తొంభై అయిదుకి తగ్గలేదు. మచ్చ లేని రికార్డు సార్ అది."

"రికార్డులో ఏదైనా తప్పు కనిపిస్తే, తీసెయ్యొచ్చా?"

నిరంజన్ నవ్వాడు. "ఎవరూ తీయలేరు సార్. యజమాని కూడా తీయకూడదని రూలు పెట్టింది మీరే కదా."

విజయనగరం దాటేదాకా వాళ్ళ మాటలు సాగాయి. బొబ్బిలిలో దిగాక చూసుకుంటే ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే ఉంది.

కూర్మయ్య ఇంటి ముందుగదే అతని కొట్టు. పగిలిన కళ్ళజోళ్ళు బాగుచేస్తాడు. ఒక మూల సానచక్రం గోనెపట్టా చుట్టి, తాడు కట్టి ఉంది. త్రివిక్రమరావుని చూసి కూర్మయ్య గబుక్కున లేచి, చొక్కా తొడుక్కుని వచ్చి నమస్కారం పెట్టాడు. జుట్టు బాగా నెరిసిపోయింది.

"మీరొచ్చినారేటి సార్. కబురంపితే నేనే వొద్దును కదా. కూకోండి, కూకోండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు అనేశాడు.

"కూర్మయ్యా, నీ ఉత్తరం నేను చదవలేదు."

కూర్మయ్య వంటగది వైపు చూసి నిట్టూర్చాడు.

"మా ఆడది రాసిందా? నాకు తెలకుండా రాసీసుంటాది. దాని మాట పట్టుకుని ఇంత దూరం ఒచ్చి అబద్దం ఆడతన్నారు. మీది మంచిమనసు సార్."

"అబద్ధం కాదు. నిజంగానే చదవలేదు."

"తొంబయ్యేడు ఒచ్చింది కదండీ. ఆ అద్దం నేను అరగదీసిందే కదా. అది అబద్దం సెప్పదు, నాకు తెల్దేటి?"

"జోడు పెట్టుకున్నది నేను కాదు. మా వదిన."

కూర్మయ్య చేతులు జోడించాడు. "పోనీండి సార్. ఎందుకు ఆడోళ్ళ మీద పెడతారు? ఆ మొదటి జోడు అప్పట్లో నన్నే ముట్టుకోనిచ్చీవోరు కాదు. ఇంకోళ్ళకి ఇస్తారేటి మీరు. మీరు సదివినారు, నా పని మీకు నచ్చనేదు, మొహమాటానికి ఊరుకున్నారు. నేనే అలగ రాసినాను కదా. నాకేం బాద లేదు. మా ఆడదే ఊరికే ఇదైపోతంది."

సానచక్రం వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. త్రివిక్రమరావుకి అర్థమైంది. తన మాట కన్నా తను చేసిన యంత్రం మాటకే ఈ మనిషి దగ్గర విలువ ఎక్కువ. ఆ యంత్రం నోటితోనే చెప్పించాలి. జేబులోంచి జోడు తీశాడు.

"నువ్వే చూడు. ఇప్పుడు చదువుతాను. రసీదు నీ ఫోనుకే వస్తుంది."

ఫోనులో ఆ ఉత్తరం తెరిచాడు. ఈ రసీదు రికార్డులోకి ఎక్కుతుంది. ఒకే ఉత్తరం, ఒకే మనిషి, తొంభై ఏడు ఒకటి, ఇంకేదో ఒకటి. చూసినవాడెవడికైనా అర్థమవుతుంది. అంతకన్నా సిగ్గుచేటైన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన లోలోపల, ఇవాళైనా ఎక్కువ రావాలని కోరుకుంటున్నాడు. ఎక్కువ వస్తే కూర్మయ్య నమ్మడు, ఇంత దూరం వచ్చిన పని చెడుతుంది. అయినా కోరుకున్నాడు. రాతిగుండెవాణ్ణి కానని తనకి తెలియాలి కదా.

చదవడం మొదలుపెట్టాడు. 'డాక్టరు గారికి కూర్మయ్య నమస్కరించి రాయునది.' షెడ్డు సంగతులు ఉన్నాయి. చక్రం చప్పుడు అంచు దగ్గర మారుతుందని, ఆ చప్పుడు విని ఆపాలని రాశాడు. కూర్మయ్య తనని చూస్తున్నాడు. నిటారుగా కూర్చున్నానా అని ఆయనకి అనుమానం వచ్చింది. మూడో పేరా. ఇది సోమవారంలోగా నిరంజన్ కంట పడుతుందా? పడక ఏమవుతుంది. నాలుగో పేరాలో చేతి గురించి ఏదో ఉంది, కళ్ళు దాని మీదుగా వెళ్ళాయి. ఇంత సిగ్గుపడుతున్నాను కదా, సిగ్గుపడేవాడు చెడ్డవాడు కాడు కదా అని లోపల ఎవరో అంటున్నారు. ఆయన ఆ మాట వింటూ ఉండిపోయాడు. చివరి పేరాలో మొహమాటం అన్న మాట ఉంది. ఉత్తరం అయిపోయింది.

కూర్మయ్య జేబులో ఫోను గుర్రుమంది. అతను దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. కళ్ళు చికిలించి మళ్ళీ చదివాడు.

"ముప్పయ్నాలుగు," అన్నాడు.

త్రివిక్రమరావు జోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సిగ్గుతో తల పైకి లేవలేదు. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా, ఆ మనిషి బతుకు ఆ ఉత్తరంలో ఉండగా, తన మనసు వెళ్ళి తన చుట్టూనే తిరిగింది.

"అంటే నిజంగా సదవనేదా?" అన్నాడు కూర్మయ్య. గొంతు మారిపోయింది. "ఒలే పైడమ్మా. సార్ నా ఉత్తరం సదవనేదంటే."

పైడమ్మ గరిటె చేత్తో గుమ్మంలోకి వచ్చింది. మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుని అంకె చూసింది. తరవాత త్రివిక్రమరావుని కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపులో గౌరవం ఏమీ మిగలలేదు గాని, కోపం కూడా లేదు. కళ్ళు తుడుచుకుని, "టీ ఎడతాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

కూర్మయ్య లేచి గోనెపట్టాకి కట్టిన తాడు ముడి విప్పసాగాడు. అతని ముఖంలో అంత సంతోషం చూసి త్రివిక్రమరావుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చదవకపోవడం ఇంత మేలు చేస్తుందని ఏ శాస్త్రవేత్తా కలగని ఉండడు. ధ్రువపత్రం తీసి, సంతకం పెట్టి ఇచ్చాడు. కూర్మయ్య దాన్ని కళ్ళకద్దుకోలేదు. నిలబడే చదివి, మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"అయిదు గంటల్లోపల ఇచ్చీయాల. టీ తాగీసి ఎల్తాను," అని స్టూలు దగ్గరికి వచ్చాడు. "మరైతే సార్, తొంబయ్యేడు ఆయమ్మదేనా? మీ వదినగారిది?"

"అవును."

"ఆవిడ ఏటన్నారండీ, నా ఉత్తరం సదివి?"

త్రివిక్రమరావుకి చీటీలు గుర్తొచ్చాయి. మూడు చీటీలు, కింద రెండు ఎర్రగీతలు. ఆవిడ ఎందుకు గీసిందో ఆయన అడగలేదు. రెండేళ్ళలో ఎన్ని వేల ఉత్తరాలో చదివిన మనిషిని, రోజూ ఎదురుగా నిలబడి వడ్డించే మనిషిని, నీకేమనిపించింది వదినా అని ఒక్కసారి అడగలేదు.

"నాకు తెలియదు. నేను అడగలేదు," అన్నాడు.

అని ఊరుకుంటే బాగుండదనిపించి, ఇంటికి ఫోను కలిపి కూర్మయ్యకి ఇచ్చాడు. అవతలి మాటలు ఆయనకి వినపడటం లేదు.

"అమ్మా, నేను కూర్మయ్యనండి, బొబ్బిలి... ఆఁ, కాయితం ఇచ్చినారండి... ఏటండీ?" కూర్మయ్య గోడకి ఆనుకున్నాడు. "కుడిదేనండి. బొటనేలు. సూది గుచ్చినా తెల్డం లేదండి ఇప్పుడు. ఎడందింకా బాగానే ఉన్నాది. డాక్టరు నరమన్నాడు. అందుకేనమ్మా, ఈ ఏలు కూడా పోకముందే ఓ పదిమందికి నేర్పీసి పోదామని..."

త్రివిక్రమరావు విస్తుపోయి చూస్తున్నాడు. బొటనవేలి సంగతి ఉత్తరంలో ఉందా? ఆయన ఆ ఉత్తరం చదివి పావుగంట కాలేదు. తన జోడుకి అంచు ఒంచిన వేలు చచ్చుబడుతోందని నాలుగో పేరాలో రాసి ఉంటే, కళ్ళు దాని మీదుగా వెళ్ళిపోయాయి.

"లేదమ్మా, నెల కిందట... ఆఁ... మూడో పేరాలో అద్దం కొలతేనా? మూడే అమ్మా, రెండున్నర కాదు, అది నా పొరపాటే. మీరు అంత సూసినారా?" కూర్మయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఇంత వయసు మగవాడు అలా ఏడవడం త్రివిక్రమరావు ఎప్పుడూ చూడలేదు. పైడమ్మ టీ తెచ్చి, ఒక గ్లాసు ఆయన చేతికిచ్చి, మొగుడి పక్కన నిలబడి తనూ ఫోనుకి చెవి ఆనించింది. ముగ్గురూ మాట్లాడుకుంటూ ఉంటే ఆయన టీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యలో ఫోను తెర మీద నిరంజన్ పేరు రెండుసార్లు వెలిగిందని కూర్మయ్య చూపించాడు. ముప్పై నాలుగు అప్పుడే ఎవరి కంటనో పడింది. కట్ చెయ్యమని త్రివిక్రమరావు చేత్తో సైగ చేశాడు. సోమవారం ఏం చెప్పాలో ఆయనకి తెలుసు. ఎలా చెప్పాలో తెలియదు గాని, చెప్పక తప్పదని తెలుసు.

చివరికి కూర్మయ్య ఫోను తిరిగి ఇచ్చాడు. "ఆయమ్మ మీతో ఏదో సెప్తారంట సార్," అని, టోపీ పెట్టుకుని, కాగితం ఉందో లేదో జేబు తడిమి చూసుకుని, ఐటీఐకి బయలుదేరాడు.

త్రివిక్రమరావు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. వర్ధనమ్మ మాట్లాడుతోంది. బొటనవేలి గురించి మొదలుపెట్టి, కింగ్ జార్జి ఆసుపత్రిలో నరాల డాక్టరెవరో తెలిసినవాళ్ళున్నారని, ఇంకా మిగిలిన చీటీల మీద ఎవరెవరి పేర్లున్నాయో, వాళ్ళకి ఏం రాయాలో చెబుతోంది. ఆయన వీధిలో నడిచి వెళుతున్న కూర్మయ్య వీపు చూస్తున్నాడు. తను ఇవాళ చేసింది మంచిపనే కదా, కనీసం దీనికైనా వదిన మెచ్చుకుంటుందా అని ఆలోచిస్తున్నాడు.

అవతల ఆవిడ మాట ఆపింది.

"వింటున్నావా?"

వింటున్నాను అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన ఆపుకున్నాడు. కళ్ళజోడు లేదు, కొలిచేవాళ్ళు ఎవరూ లేరు, అయినా ముఖం వేడెక్కింది.

"లేదు వదినా," అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి చెప్పు."